గుడ్డ ఎగిరింది, తలుపులు దిగలేదు

ఇరవయ్యారేళ్లు బంగాళాఖాతం నా మాట విన్నది. దివిసీమ అడుగున, మురుగు కాలవ సముద్రంలో కలిసేచోట, రోజుకి రెండుసార్లు లేచి నా గుమ్మం దాకా వచ్చేది. నేను ఆగమంటే ఆగేది, వెళ్లమంటే వెళ్లేది. నా సర్వీసులో ఒక్కరోజు కూడా ఉప్పునీరు నా చెయ్యి దాటి పొలాల్లోకి వెళ్లలేదు. కలెక్టర్లు మారారు, ఇంజనీర్లు మారారు, కాలవకి అటూ ఇటూ చేపల చెరువులు వచ్చాయి. సముద్రానికి మాత్రం నేనంటే భయం పోలేదు.

ఈ ముక్క పెళ్లిళ్లలో, అవనిగడ్డ బస్సుల్లో, మంగలి కొట్లో కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. ఇందులో ఇరవయ్యారేళ్లు నిజం. సముద్రం నిజం. 'ఒక్కరోజు కూడా' అన్నది అబద్ధం. ఆ ఒక్కరోజు గురించే ఇది రాస్తున్నాను.

నేను డ్రైనేజీ శాఖలో లస్కర్ని. పేరు గంభీరంగా ఉంటుంది గానీ, పని తూము తలుపులు ఎత్తి దించడం. మా తూముకి మూడు ఇనప తలుపులు. ఒక్కోదానికి పైన ఒక చక్రం ఉంటుంది. చక్రం తిప్పితే స్క్రూ రాడ్డు కిందికి జరుగుతుంది, దాంతోపాటు తలుపు దిగుతుంది. పోటు రాకముందే మూడూ దించాలి, ఆటు మొదలవగానే ఎత్తాలి. ఎత్తకపోతే వానాకాలంలో ఊళ్ల మురుగంతా పొలాల్లో నిలిచిపోతుంది. దించకపోతే సముద్రం కాలవలోకి ఎక్కుతుంది.

ఎక్కితే ఏమవుతుందో మా శివారు రైతులకి తెలుసు. మంచినీళ్ల కాలవ మా దాకా వచ్చేసరికి ఆషాఢం సగం అయిపోతుంది. అందాకా ఆగితే నాట్లు ఆలస్యమవుతాయని, అందరూ మురుగు కాలవలో నీళ్లనే ఆయిల్ ఇంజన్లతో తోడి, వరినారు పోసిన ఆకుమళ్లు తడుపుకుంటారు. ఆ నీళ్లు మంచివో కాదో చెప్పేది నా గుడ్డ.

ఆ గుడ్డ సంగతి ఏ ప్రభుత్వ కాగితంలోనూ లేదు. నాకంటే ముందు పనిచేసినవాళ్లు పెట్టిన అలవాటు. తూము మీద వెదురు గడ ఒకటి పాతి ఉంటుంది. మూడు తలుపులూ దించాక దానికి తెల్లగుడ్డ ఎక్కించాలి. మా ఇంట్లో చిరిగిన పంచెలన్నీ దానికే వెళ్లేవి. గుడ్డ ఎగిరితే తలుపులు దిగినట్టు, నీళ్లు తియ్యగా ఉన్నట్టు, ఇంజన్లు వేసుకోవచ్చన్నట్టు. సెల్‌ఫోన్లు వచ్చాక కూడా రైతులు గుడ్డనే నమ్మారు. అక్కడ సిగ్నలు ఉండీ ఉండదు, గుడ్డ ఎప్పుడూ ఉంటుంది.

నేను చేరినప్పుడు తూము దగ్గర నలుగురం. ఒకడు రిటైరైతే ఆ ఖాళీ అలాగే ఉండిపోయేది. చూస్తూండగా ముగ్గురమయ్యాం, ఇద్దరమయ్యాం. నాకు యాభైనాలుగు వచ్చేసరికి ఒక్కణ్ణే మిగిలాను. నా ఒక్కడి చేతుల మీద ముప్పైవేల ఎకరాలు ఆధారపడి ఉండేవని చెప్పుకునేవాణ్ణి. ముప్పై అన్న అంకె నాది. ఎన్ని ఎకరాలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పోటు మనుషుల గడియారం చూసుకుని రాదు. రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైన, ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున ఎనిమిదికి వస్తే రేపు తొమ్మిదికి కాస్త ముందు, ఎల్లుండి తొమ్మిదిన్నర దాటాక. నలుగురున్నప్పుడు వంతులు వేసుకున్నాం. ఒక్కణ్ణే అయ్యాక నా నిద్ర రెండు ముక్కలైంది. ఆ ముక్కలు కూడా రోజుకో చోటికి జరిగేవి. కొన్నాళ్లకి పోటు లేని వేళ కూడా చెవిలో నీళ్లు ఎక్కుతున్న చప్పుడు వినపడేది. గుండె దడదడలాడేది. చక్రం తిప్పుతూ తిప్పుతూ ఏడ్చేవాణ్ణి. దేనికని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అన్నం ముద్ద నోట్లో ఇసకలా ఉండేది. మా ఆవిడ అడిగితే గ్యాసు అనేవాణ్ణి.

నిద్ర కోసమే మందు మొదలుపెట్టానని అందరికీ చెప్పాను. అది సగమే నిజం. మందు అంతకు ముందూ ఉంది, పండగకీ పబ్బానికీ. ఒంటరిగా అయ్యాక పండగ అక్కర్లేకపోయింది. శాఖవాళ్లు రాడ్లకి పూయమని ఇచ్చే గ్రీజు డబ్బాల్లో ఒకటి ఖాళీ చేసి కడిగి, అందులో సీసా పెట్టుకునేవాణ్ణి. పైన వేలెడు మందం గ్రీజు పూసిన మూత. నా తెలివికి నేనే మురిసిపోయేవాణ్ణి. మా ఆవిడకి మొదటి వారంలోనే తెలిసిందట. గ్రీజు పూసుకొచ్చిన మనిషి దగ్గర ఆ వాసనేమిటని.

అసలు నష్టం చేసింది సీసా కాదు, నేను పెట్టుకున్న ఇంకో అలవాటు. ముందు గుడ్డ ఎక్కించి, తర్వాత తలుపులు దించడం మొదలుపెట్టాను. గుడ్డ కనపడితే రైతులు నిశ్చింతగా ఉంటారు. దూరం నుంచి ఎవరూ కేకలు వెయ్యరు. ఓ పావుగంట కూర్చుని డబ్బా మూత తీసుకోవచ్చు. ఆ తర్వాత లేచి దించేవాణ్ణి. పోటు ఇంకా రాలేదు కదా, ఏది ముందైతే ఏమిటి అనుకునేవాణ్ణి. ఏడెనిమిది నెలలు ఏమీ కాలేదు.

జ్యేష్ఠ అమావాస్య వెళ్లిన మర్నాడు, పొద్దున ఎనిమిదిన్నరకి గుడ్డ ఎక్కించాను. అమావాస్య పోటు పెద్దది. అది తొమ్మిదిన్నరకి నిండుగా రావాలి. తూము పక్కన, కూలిపోయిన పాత క్వార్టరు గోడ నీడలో కూర్చున్నాను. తలుపులు దించలేదు.

ఆ రోజు కథ నేను మూడు రకాలుగా చెప్పాను. మొదటిది, మూడో తలుపు రాడ్డు బిగుసుకుపోయిందని, దానితో కుస్తీ పట్టి ఎండకి సొమ్మసిల్లానని. రెండోది, తాగి నిద్రపోయానని. మూడోది చాలా రోజులకు గాని నోటికి రాలేదు.

కాలవకి ఎగువన ఒకావిడ రెండెకరాలు కౌలుకి చేసేది. మా ఆవిడని అక్కా అని పిలిచేది గనక నేను బావగారినయ్యాను. ఆవిడ నా గుడ్డ చూసి ఇంజను వేసింది. గంట తర్వాత గొట్టం దగ్గర మొహం కడుక్కుంటే పెదవులకి ఉప్పు తగిలింది. ఇంజను ఆపి, గట్టు వెంట మైలు దూరం పరిగెత్తుకుంటూ తూము దగ్గరికి వచ్చింది. ఆవిడ చేసిన మొదటి పని తలుపులు దించడం కాదు, గుడ్డ దించడం. ఆ గుడ్డ చూసి ఇంకెవరైనా ఇంజన్లు వేస్తారని. ఆ తర్వాత మూడు చక్రాలూ తానే తిప్పింది. నన్ను లేపలేదు, తిట్టలేదు. నేను లేచి చూసేసరికి తలుపులు దిగి ఉన్నాయి. నా పంచె ముక్క మడతపెట్టి గ్రీజు డబ్బా మీద పెట్టి ఉంది.

మిగతావాళ్ల మళ్లు దక్కాయి. ఆవిడది నాలుగు రోజుల్లో రాగిరంగు తిరిగి, వారానికి మాడిపోయింది.

తర్వాతి వారం నోటీసు వచ్చింది. విధి నిర్వహణలో మద్యం సేవించి, నిర్లక్ష్యంతో పంట నష్టానికి కారణమైనందుకు నన్ను ఉద్యోగం నుంచి ఎందుకు తొలగించకూడదో బందరు డివిజన్ ఆఫీసుకి వచ్చి చెప్పుకొమ్మన్నారు. నాకు ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. తొలగిస్తే పింఛను ఉండదు. మా ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి బియ్యం డబ్బా కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఉద్యోగం పోతే ఎలాగో తింటాం. కానీ తెల్లారి లేచి వెళ్లడానికి ఆ తూము కూడా లేకపోతే, మీరు నాకు ఎన్నాళ్లుంటారు?"

నేను నవ్వేసి, సముద్రం నన్ను వదలదులే అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ ప్రశ్న నాకూ అప్పటికే వచ్చింది. తూము మీద నిలబడి కింద నీళ్ల వంక చూసిన రోజులు కొన్ని ఉన్నాయి. వాటి గురించి ఇంతకంటే రాయను.

బందరు వెళ్లే ముందురోజు నేను ఇంకో పని చేశాను. మూడో తలుపు దించేసి, దాని రాడ్డు మరల్లో ఉన్న గ్రీజంతా గుడ్డతో తుడిచి, తడి ఇసక కూరాను. ఎవరైనా వచ్చి చూస్తే చక్రం కదలకూడదు. గంటసేపు కూర్చుని ఎంతో శ్రద్ధగా చేశాను. ఆ శ్రద్ధలో పావు వంతు అమావాస్య మర్నాడు చూపించి ఉంటే ఈ గొడవే లేదు.

మర్నాడు పొద్దున్న నేనూ మా ఆవిడా అవనిగడ్డలో బస్సెక్కితే, కౌలుకి చేసే ఆవిడ అప్పటికే కూర్చుని ఉంది. ఆవిణ్ణీ పిలిచారు. నన్ను తీసెయ్యాలో ఉంచాలో తేల్చే రోజున, నష్టపోయిన మనిషీ నష్టం చేసిన మనిషీ ఒకే బస్సులో. మా ఆవిడ ఒక్క క్షణం నిలబడి, వెళ్లి ఆవిడ పక్కనే కూర్చుంది. నేను వాళ్ల వెనక సీట్లో. బందరు దాకా నా చెవులు వాళ్ల దగ్గరే పెట్టాను. గుడ్డ మాట వస్తుందేమోనని. చల్లపల్లి దాకా గ్యాసుపొయ్యి బర్నరు సరిగా మండకపోవడం గురించి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మా ఆవిడ వేరుశనక్కాయలు కొని ఆవిడకి సగం పెట్టింది. నాకు పెట్టలేదు. నేను పొద్దుట్నుంచి చుక్క ముట్టుకోలేదు. చేతులు వణుకుతుంటే తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

నా ధైర్యమంతా ఒక్కదాని మీద ఉంది. ఇంజనీరు గారికి గుడ్డ సంగతి తెలియదు. ఆ శాఖలో ఎవరికీ తెలియదు. రాడ్డు బిగిసిందంటే అది యంత్రం తప్పు. గుడ్డ ఎగిరిందంటే అది నా తప్పు.

ఇంజనీరు గారు నా కొడుకు వయసువాడు. కోపం లేదు, చనువూ లేదు. ముందు నన్ను పిలిచారు.

"రాడ్డు బిగుసుకుంది. అంతేనా?"

"అంతేనండి."

రాసుకున్నారు. తర్వాత ఆవిణ్ణి లోపలికి పిలిచి, చూసింది చూసినట్టు చెప్పమన్నారు.

"రాడ్డు సంగతి నాకు తెలవదండి. గుడ్డ ఎగిరింది, అందుకే ఇంజను వేశాను."

"ఏం గుడ్డ?"

ఆవిడ నా వైపు తిరిగింది. "ఆయన గుడ్డేనండి అది. ఆయన్నే అడగండి."

తువ్వాలు ఆరేసుకున్నానండి అంటే సరిపోయేది. ఆ మాట నాలిక చివరికి వచ్చింది కూడా. కిటికీలోంచి వరండాలో మా ఆవిడ కనిపిస్తోంది, ఒళ్లో సంచి పెట్టుకుని, ఎదుటి గోడని చూస్తూ. నేను టేబులు అంచు పట్టుకున్నాను. నా వణుకుకి టేబులు మీది గాజు గ్లాసులో నీళ్లు కదులుతున్నాయి. ఆయన ఆ నీళ్లు చూస్తున్నారు.

ఆ క్షణాన నాలో సత్యసంధుడు మేలుకున్నాడని తర్వాత చాలామందికి చెప్పాను. మేలుకోలేదు. అప్పటికి ఇంకో అబద్ధం అల్లే ఓపిక నాకు లేదు, అంతే. గుడ్డ అంటే ఏమిటో, ఎవరు పెట్టారో, ఎగిరితే అర్థమేమిటో చెప్పాను. ఆయన కలం కింద పెట్టి విన్నారు.

"మరి ఆ రోజు తలుపులు ముందు దించారా, గుడ్డ ముందు ఎక్కించారా?"

"గుడ్డేనండి ముందు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత తలుపులు దించలేదండి."

ఇందాక రాసుకున్న వాక్యాన్ని ఆయన అడ్డంగా కొట్టేశారు. కలం కాగితం మీద గీసిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. నా పని అయిపోయిందనుకున్నాను. ఇరవై రెండేళ్ల సర్వీసు ఒక గీతకి పోయిందనుకున్నాను. విచిత్రం ఏమిటంటే చేతుల వణుకు కాస్త తగ్గింది.

అప్పుడు ఆవిడ సంచిలోంచి మడతపెట్టిన అర్జీ తీసి టేబులు మీద పెట్టింది. నన్ను ఉద్యోగంలోంచి తియ్యవద్దని శివారు రైతుల అర్జీ. పదకొండు సంతకాలు. అన్నిటికంటే పైన ఆవిడదే. ఇంజనీరు గారు రెండుసార్లు చదివారు. మీ మడి మాడ్చిన మనిషిని ఉంచమని మీరే అడుగుతున్నారా అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మా బావగారే అక్కడ ఉండాలండి అంది. అంత జాలిగల మనసు నేను నా జన్మలో చూడలేదు.

మూడు నెలలు జీతం లేని సెలవు. వైద్యం చేయించుకుని, ఉద్యోగానికి పనికొస్తానని డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. తేకపోతే తొలగింపు ఉత్తర్వు మళ్లీ అడగకుండా వస్తుంది. ఆ మూడు నెలలూ తూము ఎవరు చూస్తారని నేను అడగలేదు. నాకు గుర్తే రాలేదు.

మాది అసలు గుడివాడ. మా అక్క అక్కడే రైలు గేటు దగ్గర ఉంటుంది. నన్ను వాళ్లింట్లో దింపి మా ఆవిడ తిరిగి వెళ్లిపోయింది. మా అక్క మొదటి పనిగా, వాటిలో స్పిరిటు ఉంటుందని, తన హోమియో మందు సీసాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెళ్లో వేసుకుంది. నన్ను మందుల కొట్టు మేడ మీద ఉండే ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ మొదటి వారం రోజులు అక్కడే మంచం ఇచ్చి సెలైన్లు పెట్టింది. ఆ వారం గోడ మీద నాకు ఏమేం కనిపించాయో చెప్తే, పెంచి చెప్తున్నానంటారు. ఒక్కసారికి పెంచాల్సిన అవసరం లేకపోయింది.

ఒళ్లు కాస్త కుదుటపడ్డాక డాక్టరమ్మ అడిగింది, ఇదంతా ఎప్పుడు మొదలైంది, ఏదైనా జరిగిందా అని. చెప్పడానికి ఏమీ లేదు. చావు లేదు, అప్పు లేదు, ఇంట్లో పోరు లేదు. కారణం లేకుండా ఏడిచే మగవాడు ఆవిడకి ఎలా కనపడతాడోనని సిగ్గేసింది. దివిసీమవాడంటే ఎవరైనా నమ్మే కారణం ఒకటుంది కదా. డెబ్భై ఏడు ఉప్పెనలో మావాళ్లు ఏడుగురు పోయారని చెప్పాను. తాటిచెట్టు పట్టుకుని బతికానని చెప్పాను. గొంతు కూడా బాగానే పూడుకుపోయింది.

పక్కనే కూర్చున్న మా అక్క తల తిప్పి చూసింది. "ఒరేయ్, ఆ రోజున నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు కదరా. పెంకులు లేచిపోతుంటే మంచం కిందికి దూరావు."

ఇంతవరకు ఎన్నో పెంచి చెప్పాను గాని, సిగ్గుతో చచ్చిపోయింది ఆ ఒక్కసారే. ఉప్పెనలో నిజంగా మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్ల మధ్య అన్నేళ్లు బతికాను. వాళ్లలో ఎవరూ ఆ మాట నోటితో ఎత్తేవాళ్లు కాదు. వాళ్ల శవాలు అరువు తెచ్చుకుని డాక్టరు ముందు పెట్టాను.

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. మా అక్కని కాసేపు బయట కూర్చోమంది. తలుపు వేసి వచ్చి, పోటు వచ్చిన రోజు సంగతి చెప్పండి, తాగి నిద్రపోయారట కదా అంది.

నేను మూడో కథ చెప్పాను.

నేను నిద్రపోలేదు. తాగాను, నిజమే. రోజూ తాగినంతే. అంత తాగి చక్రాలు తిప్పిన రోజులు ఎన్నో ఉన్నాయి. గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని మెలకువగానే ఉన్నాను. నీళ్లు మర్లిన చప్పుడు విన్నాను. బయటికి పోయే నీళ్లదొక చప్పుడు, లోపలికి వచ్చే నీళ్లదొక చప్పుడు. ఇరవై రెండేళ్లు విన్నవాడికి తేడా తెలియదా. లేవాలని అనుకున్నాను. లే, లే అని నాకు నేనే చెప్పుకున్నాను. చెయ్యి లేవలేదు. కాలు లేవలేదు. నా చెయ్యి వేరేవాళ్ల చెయ్యిలా పక్కన పడి ఉంది. ఆవిడ రొప్పుతూ వచ్చింది తెలుసు. తాడు లాగి గుడ్డ దించింది తెలుసు. మూడు చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి కిర్రుమనడం తెలుసు. అప్పుడూ కళ్లు తెరవలేదు. తాగి పడిపోయాడంటే లోకం తిట్టి ఊరుకుంటుంది. మెలకువగా ఉండి లేవలేకపోయాడంటే ఏమంటుందో నాకు తెలియలేదు. అందుకే తాగుబోతునన్న పేరే ఉంచుకున్నాను.

డాక్టరమ్మ రాయడం ఆపి, దానికీ మందుందండి అంది. సీసాకి వేరే, దీనికి వేరే, రెండూ కలిపి వైద్యం చెయ్యాలి, నిద్ర ముందు సరిచెయ్యాలి అంది. అది ఒక జబ్బనీ, దానికో పేరుందనీ, ఆ పేరు చీటీ మీద రాయొచ్చనీ తెలిసి నాకు ఏడుపొచ్చింది. మొదటిసారి దేనికి ఏడుస్తున్నానో తెలిసి ఏడ్చాను.

అంతటితో మందు మానేసి సింహంలా తిరిగొచ్చానని రాస్తే బాగుంటుంది. రెండో నెలలో ఒకసారి పామర్రు దాకా వెళ్లి తాగి వచ్చాను. మా అక్క గుమ్మంలో నిలబెట్టి, నెత్తిన రెండు బిందెల నీళ్లు గుమ్మరించి, మర్నాడు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లింది. సర్టిఫికెట్ గడువుకి మూడు రోజుల ముందు వచ్చింది.

తూము దగ్గరికి తిరిగి వెళ్లిన రోజు నేను చేసిన మొదటి పని మూడో రాడ్డు మరల్లోంచి ఇసక తియ్యడం. కిరసనాయిలు పోసి, పాత పళ్లబ్రష్షుతో రుద్దాను. ఒక పూట పట్టింది. ఆ పోటుకి మూడు తలుపులూ దించి, ఒకటికి రెండుసార్లు చూసుకుని, అప్పుడు గుడ్డ ఎక్కించాను. గుడ్డ చూడగానే కాలవ పొడుగునా ఇంజన్లన్నీ ఒక్కసారిగా మోగాయి.

మోగలేదు. ఒక్కటి కూడా మోగలేదు. గుడ్డ రోజంతా ఎగిరింది. సాయంత్రం ఎవరో ఒకాయన కాలవలోకి దిగి, దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకుని, ఉమ్మి, అప్పుడు ఇంజను వేశాడు. తర్వాతి ఏడాది సార్వా పంటకీ అంతే. నేను దూరం నుంచి చూస్తూ ఉండేవాణ్ణి. ఆ దోసిళ్లు చూడటం కంటే తొలగింపు ఉత్తర్వు నయమనిపించిన రోజులున్నాయి. రెండేళ్లకి ఒక పొద్దున్న కౌలుకి చేసే ఆవిడ మాత్రం నీళ్లు రుచి చూడకుండా, గుడ్డకేసి ఒకసారి చూసి ఇంజను తాడు లాగింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తృప్తిగా తిన్నాను.

అరవై నిండి రిటైరయ్యాను. మర్నాటి నుంచి ఆ పోస్టు లేదు. ఇప్పుడు రైతులే వంతులు వేసుకుని తలుపులు దించుకుంటున్నారు. వంతుల పట్టిక ఆవిడ దగ్గర ఉంటుంది. నేను జీతం లేకపోయినా వెళ్తూంటాను. నాకు అరవయ్యెనిమిది, ఒక్క చక్రం తిప్పితే ఆయాసం. నీళ్లు ఎప్పుడు మర్లాయో చెప్పడం మాత్రం ఇప్పటికీ నా పనే.

ఇది రాసి, మొన్న మధ్యాహ్నం పోటు కోసం కూర్చున్నప్పుడు, పాత క్వార్టరు గోడ నీడలోనే, ఆవిడకి చదివి వినిపించాను. మెలకువగా ఉన్న సంగతి దగ్గర కాగితం కిందికి దించాను. ఆవిడ చక్రానికి గ్రీజు పూస్తూ, అది నాకు అప్పుడే తెలుసు, చదవండి అంది. నిజంగా నిద్రపోయినవాళ్ల రెప్పలు అలా కొట్టుకోవట. రెండేళ్లకి రుచి చూడటం మానేసిందన్న చోట మాత్రం నవ్వింది. ఇప్పటికీ చూస్తానండి, మీరు అటు తిరిగినప్పుడు చూస్తాను అంది.

మొత్తం అయ్యాక చేతులు గడ్డికి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"పదకొండు సంతకాలు కాదు, తొమ్మిది. నా కళ్లలో నీళ్లూ లేవు, బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే దుమ్ము పడింది. బావగారే ఉండాలని నేను అన్లేదు. తూము దగ్గర మనిషి ఉండాలండీ అన్నాను. మీ ముందు రిటైరైపోయినోళ్ల చోట ఎవర్నైనా వేశారా? మిమ్మల్ని తీసేస్తే ఆ చోటూ తీసేస్తారని, గడప గడపకీ తిరిగి పెట్టించా ఆ సంతకాలు. జాలీ లేదు, గీలీ లేదు. ఇంకోణ్ణి వేస్తారన్న నమ్మకం ఉంటే, ఆ రోజు నేనే దగ్గరుండి మిమ్మల్ని పీకించేదాన్ని, బావగారూ."